ఓడ కడుపులో కాలువ

మా గాజువాకలో ఓడంటే తెలియని పిల్లవాడు లేడు. దగ్గరలోనే హిందూస్తాన్ షిప్‌యార్డు ఉన్నది. 1948 మార్చి 14న నెహ్రూగారు "జల ఉష" అనే ఆవిరి ఓడను నీటిలోకి దించింది విశాఖపట్నంలోని ఆ కార్ఖానాలోనే.

నేను బడిలో పనిచేసే రోజుల్లో ఎనిమిదో తరగతి కుర్రవాడొకడు రెండు నెలలు కష్టపడి యుద్ధనౌక నమూనా చేశాడు. బాటరీ, మోటారు, నీళ్లు తోడే చిన్న పంపు, అన్నీ అమర్చాడు. తొట్టిలో వదిలితే కొంతసేపు చక్కగా నడిచింది. తరవాత ఒక పక్కకు ఒరిగింది. మేము చెయ్యి చాపేలోగా బుడుంగున మునిగింది!

"పంపు తిరుగుతూనే ఉన్నదిగదా, మేష్టారూ! ఎందుకు మునిగింది?" అని వాడు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

ఎందుకో మీరే చూడండి. ఒక పళ్లెంలో నాలుగు చెంచాల నీళ్లు పోసి కాస్త వంచండి. నీళ్లన్నీ ఒక పక్కకే పరుగెత్తుతాయి. వాడి ఓడ అడుగు కూడా పళ్లెంలాగే చదునుగా ఉన్నది. లోపలికి ఊరిన నీరు ఒక పక్క చేరి, ఓడను ఆ పక్కకే ఒరగదీసింది. మధ్యనున్న పంపుకు గాలి తప్ప నీరు అందలేదు.

దీనికి ఉపాయం కాలువ. ఓడ అడుగున రెండు పక్కలా ఏదైనా నింపి, మధ్య వేలెడు వెడల్పున కాలువ వదలాలి. అది పంపు వైపు వాలుగా ఉండాలి. పెద్ద ఓడల్లోనూ ఇంతే. అడుగు దూలాలకు రంధ్రాలుంటాయి. వాటిగుండా నీరు ఒక గుంటలోకి చేరితే పంపు తోడుతుంది.

మరి దేనితో నింపాలి? ప్రతి వస్తువునూ రెండు ప్రశ్నలు అడగండి: నీ బరువెంత? నువ్వు నీళ్లు తాగుతావా?

బంకమన్ను సులభంగా దొరుకుతుంది. కాని అది నీటికంటే బరువు, తడిస్తే కరుగుతుంది. ప్లాస్టరు గట్టిపడుతుంది, కాని నీరు పీలుస్తుంది. కొవ్వొత్తి మైనం నీటికంటే తేలిక, నీరు తాగదు. అయితే ఎండకు మెత్తబడుతుంది. దానిని కరిగించే పని పెద్దవాళ్లకే వదలండి. థెర్మోకోల్ అన్నిటికన్నా తేలిక. పెట్రోలు తగిలితే మాత్రం కరిగిపోతుంది. కొన్ని జిగుళ్లూ, రంగులూ కూడా దానిని తినేస్తాయి. ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్ర చెక్కటానికి అనువైనది. అన్ని వైపులా వార్నీషు పూయకపోతే అదీ నీరు పీలుస్తుంది.

"అడుగున బరువుంటే ఓడ నిలకడగా ఉంటుందిగదా?" అని వాడు అడిగాడు. మంచి ప్రశ్న! నిజమే, కాని వాడి ఓడలో ఆ బరువు బాటరీయే ఇస్తున్నది. ఇంకా బరువు పెడితే ఓడ లోతుగా దిగి, చిన్న అలకే నీళ్లు లోపలికి వస్తాయి.

వాడు ప్రతి వస్తువులోనూ ఒక ముక్క తూచి, రాత్రంతా నీటిలో ఉంచి, పొద్దున పైతడి తుడిచి మళ్లీ తూచాడు. వార్నీషు పూసిన అంకుడు ముక్క బరువు పెరగలేదు. దానినే ఎంచుకున్నాడు. ఈసారి మేము గ్లాసుడు నీళ్లు కావాలనే ఓడలో పోశాం. పంపు ఆ నీటినంతా బయటికి చిమ్మింది, ఓడ ఒరగలేదు.

మీరూ తూచి చూడండి. ఏ ముక్క ఎంత నీరు తాగిందో పుస్తకంలో రాసుకోండి, ఓడ పని తరవాత మొదలుపెట్టండి.