తీగను పక్కకు లాగితే

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో ఎలక్ట్రిక్ గిటార్ పట్టిన పిల్లల కోసమే ఈ సంచిక. సిరిసిల్ల మరమగ్గాల మీద పనిచేసేవాళ్లు పడుగు మీద చెయ్యి వేసి బిగువు పసిగడతారు. గిటార్ వాయించే వేళ్లకూ ఆ నేర్పే కావాలి.

మెట్టు మీద నొక్కిన తీగను పక్కకు తోస్తే అది సాగుతుంది. ఉక్కు రవ్వంత సాగినా బిగువు బాగా పెరుగుతుంది, స్వరం పైకి లేస్తుంది. కానీ కంపనాలు పెరిగేది బిగువు వర్గమూలాన్ని బట్టి. షడ్జం నుంచి చతుశ్రుతి రిషభానికి లాగాలంటే బిగువు సుమారు 26 శాతం పెరగాలి. పై షడ్జానికైతే 4 రెట్లు. సన్నతీగ ఆ లోపే తెగుతుంది. నైలాన్ తీగ ఇక్కడ పనికిరాదు, దాని కదలికను అయస్కాంతపు పికప్ పట్టుకోలేదు.

మన వైణికులు తరతరాలుగా తీగ లాగి గమకాలు పలికిస్తూనే ఉన్నారు. 1969లో పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ గారు ఇంకో అడుగు వేశారు. మాండొలిన్ జంట తీగలను లాగితే రెండూ ఒకే శ్రుతికి చేరడం కష్టం. ఆయన 5 ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ ఎంచుకుని కర్ణాటక రాగాలు పలికించారు. గిటార్ నేర్చుకునే ప్రతి తెలుగు పిల్లవాడూ, పిల్లా ఆయన్ని వినాలని నా గట్టి కోరిక.

సాధనకు ఒక మాట: లాగే ముందు, రెండు మెట్ల అవతలి స్వరాన్ని మీటి వినండి. మీ వేలు చేరాల్సింది అక్కడికే.