గెంజి గాథకు అంకితమైన ముప్పై ఏళ్లు

జపాన్ నవలాకారుడు తనిజాకి జునిచిరో ‘గెంజి గాథ’ను ఆధునిక జపనీస్‌లోకి ఒకసారి కాదు, మూడుసార్లు తెచ్చారు. 1935లో పట్టిన ఆ పనిని 1965లో కన్నుమూసే దాకా వదల్లేదు. వెయ్యేళ్ల కిందట మురసకి షికిబు అనే అంతఃపుర పరిచారిక రాసిన గ్రంథమది. మొత్తం 54 అధ్యాయాలు. దాన్ని తిరగరాస్తున్న ఏళ్లలోనే ఆయన తన పెద్ద నవలా రాశారు. ఈ రెండు పనులనూ విడదీసి చూడలేమని మా నమ్మకం.

ఆయన పుట్టుకతో సంప్రదాయవాదేమీ కాదు. 1886లో టోక్యోలో పుట్టి, పడుచు వయసులో పాశ్చాత్య నాగరికత మోజులో యొకొహామాలో కాపురం పెట్టారు. 1923 సెప్టెంబరు 1న మహాభూకంపం వచ్చింది. ఆ తర్వాత ఒసాకా, క్యోటోల వైపు తరలివెళ్లారు. అక్కడి వర్తక కుటుంబాల మాట, మన్నన, పండగలు ఆయన చూపునే మార్చేశాయి.

గెంజి గాథలో ఆయన్ని అన్నిటికన్నా ఆకట్టుకున్నది వాక్యం. అందులో పాత్రలకు పేర్లు దాదాపు ఉండవు, చాలాచోట్ల వాక్యానికి కర్తే ఉండదు. క్రియలోని గౌరవాన్ని బట్టే ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో పోల్చుకోవాలి. ఇది తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. ‘వచ్చావా’, ‘వచ్చారా’ అన్న తేడా చాలు, గుమ్మంలో నిలబడ్డది ఎవరో మనకు తెలిసిపోతుంది. తనిజాకి ఆ అస్పష్టతను విప్పేయకుండా, మన్ననలు చెదరకుండా, పొడవాటి వాక్యాన్ని తెగ్గొట్టకుండా నేటి భాషలో నిలబెట్టారు. అనువాదంలో ఇంతకన్నా కష్టమైన పని మరొకటి లేదు.

కానీ 1939లో మొదటి అనువాదం వెలువడడం మొదలైనప్పుడు కొన్ని పుటలు అందులో లేవు. కథానాయకుడు గెంజి తన తండ్రి అయిన చక్రవర్తి రాణిని ప్రేమిస్తాడు. వాళ్లకు పుట్టిన బిడ్డే తర్వాత సింహాసనమెక్కుతాడు. చక్రవర్తిని దేవుడిగా కొలిచే ఆ రోజుల్లో ఈ కథ అచ్చుకు నోచుకోలేదు. కథకు గుండెకాయ లాంటి భాగమే పోయింది.

1943లో ఆ పెద్ద నవల ‘ససమెయుకి’ పత్రికలో మొదలైంది. ఒసాకాలో చితికిపోతున్న వర్తక కుటుంబం, నలుగురు అక్కచెల్లెళ్లు, మూడో అమ్మాయి పెళ్లిచూపులు, ఇదీ కథ. రెండు విడతలు రాగానే సైన్యం ఆపించింది. యుద్ధం జరుగుతుంటే ఆడవాళ్ల కిమోనోలూ చెర్రీ పూలూ ఏమిటన్నది అభ్యంతరం. ఆయన కలం దించలేదు. యుద్ధం సాగినన్నాళ్లూ రాస్తూనే ఉన్నారు. పూర్తి నవల 1948కి గానీ చదువరుల చేతికి రాలేదు.

అందులో ఒక దృశ్యం మరుపురానిది. ఏటా వసంతంలో అక్కచెల్లెళ్లు క్యోటో వెళ్తారు. హెయాన్ ఆలయంలోని చెర్రీ చెట్లను చివరికి దాచుకుంటారు. ఈసారి పూలు రాలిపోయాయేమో, వచ్చే ఏడు చెల్లి పెళ్లయి వెళ్లిపోతుందేమో అని గుబులు పడుతూనే ద్వారం దాటి తలెత్తి చూస్తారు. వంగిన కొమ్మల నిండా ఎర్రటి పూలు. కొద్ది క్షణాల సంతోషం, దాని వెనకే దిగులు. ఋతువును మనసుగా చూసే ఈ చూపు గెంజి గాథ పెట్టిన భిక్ష. ప్రాచీన సాహిత్యం నుంచి కథలు ఎత్తుకొచ్చి రాసేవాళ్లు ఏ భాషలోనైనా ఉన్నారు, చూపును తెచ్చుకున్నవాళ్లు అరుదు.

యుద్ధం ముగిశాక తనిజాకి గెంజిని మళ్లీ మొదటి నుంచి రాశారు. 1951లో రావడం మొదలైన రెండో అనువాదంలో పోయిన పుటలన్నీ తిరిగి వచ్చాయి. మూడోది 1964లో, కొత్త లిపి పద్ధతిలో మొదలైంది. మరుసటి ఏడు జులై 30న ఆయన వెళ్లిపోయారు. క్యోటోలోని హోనెన్-ఇన్ ఆలయంలో ఆయన సమాధిరాయి మీద ‘నిశ్శబ్దం’ అని అర్థమిచ్చే ఒకే అక్షరం ఉంటుంది. పక్కనే ఒక చెర్రీ చెట్టు, కొమ్మలు కిందికి వంగే రకం.