కత్తి ఎత్తని హింస

హింస అనగానే మనకు కత్తి, తుపాకి స్ఫురిస్తాయి. ఆయుధం పట్టకుండా, కోపమన్నది లేకుండా, జాలితో చేసిన పని వల్ల కూడా ఒక జాతి నశించగలదు.

1990వ దశకం ఆరంభంలో మన దేశపు ఆకాశంలో రాబందులు లక్షలాదిగా ఎగిరేవి. 2007 నాటికి తెల్లవీపు రాబందులు వెయ్యింటికి ఒక్కటి చొప్పున మిగిలాయి. పశువుల నొప్పి తగ్గించేందుకు మనం వాడిన డైక్లోఫెనాక్ మందే ఇందుకు కారణమని 2004లో శాస్త్రజ్ఞులు వెల్లడించారు. ఆ మందు ఇచ్చిన పశువు చనిపోతే, దాని కళేబరాన్ని తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడి, కొద్ది రోజుల్లోనే ప్రాణం పోతుంది. రాబందులు కనుమరుగు కాగా కళేబరాలు కుళ్ళాయి, ఊరకుక్కలు పెరిగాయి.

పశువైద్యంలో ఆ మందును 2006లో ప్రభుత్వం నిషేధించింది. హర్యానాలోని పింజోరులో జటాయువు పేరిట సంరక్షణ కేంద్రం వెలసింది. అయితే ఏడాదికి ఒక్క గుడ్డు మాత్రమే పెట్టే పక్షి తిరిగి వృద్ధి చెందాలంటే దశాబ్దాలు పడుతుంది.

జటాయువుకు శ్రీరాముడే దహనసంస్కారం చేశాడని భక్తితో చెప్పుకునే వారం మనం. మన పల్లెల్లో పశువుకు నొప్పి చేసినప్పుడు, రాబందుకు హాని చేయని మెలాక్సికామ్ వంటి మందును వైద్యుణ్ణి అడుగుదాం. మన కరుణ ఒక ప్రాణి దగ్గరే ఆగిపోరాదు.