కారు కొన్నాక దారి కూడా కొనాలా?

ఆదివారం తెల్లారేసరికి తడ హైవే పక్కన టీ కొట్టు దగ్గర నిలబడండి, మద్రాసు డబ్బు ఎంత చప్పుడు చేస్తుందో తెలుస్తుంది. ఆరంబాకం దాటి రాష్ట్రం మారగానే రెండు సీట్ల కార్లు రెచ్చిపోయి వస్తాయి. నేలకు బెత్తెడు ఎత్తు, గొంతు మాత్రం లారీకి తీసిపోదు. టీకి దిగిన ఆసామి అటు తిరిగినప్పుడు లోపలికి తొంగిచూస్తే అసలు విడ్డూరం కనబడుతుంది. కోటి రూపాయల కారులో దారి చెబుతున్నది సీటు సందులో ఇరికించిన సెల్‌ఫోను! డ్యాష్‌బోర్డులో జానెడు తెర ఉంది. అందులో పాటలొస్తాయి, వెనక కెమెరా బొమ్మ వస్తుంది, టైర్లలో గాలెంతుందో కూడా వస్తుంది. దారి మాత్రం రాదు. కొన్నప్పుడు ఆ ‘ఆప్షన్’ తీసుకోలేదట.

ఇప్పుడు తీసుకోవచ్చు కదా అంటారా? అక్కడే ఉంది కిటుకు. తెర ఉంది. చక్రం ఎంత తిరిగిందో కొలిచే సెన్సరు బ్రేకుల కోసం ఎలాగూ ఉంది. చాలా బండ్లలో యాంటెన్నా కూడా ఉంది. లేనిదల్లా వీటిని కలిపి వాడుకోవడానికి కంపెనీ అనుమతి. ఆ అనుమతికి వేరే రేటు కట్టి అమ్ముతున్నారు. కొన్ని మోడళ్లలో అదీ అమ్మరు, తెర మొత్తం పీకి కొత్తది పెట్టాలంటారు. బండి నీదే, రిజిస్ట్రేషన్ నీదే, కట్టిన టాక్సు నీదే, దాని లోపలి తాళంచెవి మాత్రం ఇంకెవరి జేబులోనో. నేను దీన్ని దోపిడీ అంటాను. ఇంతకంటే మర్యాదైన మాట నాకు దొరకలేదు.

కోటీశ్వరుల బాధ నీకెందుకయ్యా అని మా ఊళ్లోనే అడిగారు. అడగాల్సిందే. కానీ పవర్ విండోలు, ఎయిర్‌బ్యాగులు, ఈ తెరలు అన్నీ పెద్దబండ్లలోంచే మన చిన్నబండ్లలోకి దిగాయి. తాళాలూ అలాగే దిగుతాయి. 2022లో బీఎండబ్ల్యూ దక్షిణ కొరియాలో సీటు వెచ్చబెట్టుకోవడానికి నెల చందా పెట్టింది. వేడి తీగలు కారు కొన్న రోజే సీటులో ఉన్నాయి, అవి పనిచేయాలంటే మాత్రం నెలనెలా కట్టాలి! జనం దుమ్మెత్తి పోశారు. మరుసటేడు కంపెనీ వెనక్కి తగ్గింది. తిడితే తగ్గుతారు. మనమే తిట్టడం లేదు.

పోనీ ఇదేమైనా కొత్త విద్యా? 1981లోనే హోండా వాళ్లు గైరోస్కోపుతో దిక్కు పట్టి, మ్యాపు షీటు మీద కారు జాడ చూపించే పెట్టెను అకార్డ్‌లో అమ్మారు. 1990లో మాజ్దా యూనోస్ కాస్మో జీపీఎస్ నావిగేషన్‌తో వచ్చింది. అది స్పోర్ట్స్ కారే. 2000 మే నెలలో అమెరికా, పౌరులు వాడే జీపీఎస్ సంకేతాన్ని కావాలని చెడగొట్టే పద్ధతి మానేసింది. ఆకాశంలోంచి వచ్చే ఆ సంకేతానికి పైసా కట్టనక్కర్లేదు. దాన్ని అందుకునే చిప్పు వేలిగోరంత. ఆ చిప్పు పదివేల రూపాయల ఫోనులో ఉంది, కోటి రూపాయల కారులో మాత్రం ‘ఆప్షన్’!

మా ఊరి కుర్రాడొకడు ఇలాంటి బండే సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు, కంపెనీ వారంటీ ఇంకా కొంత మిగిలుంది. నావిగేషన్ కోసం సర్వీస్ సెంటరుకు పోతే వాళ్లు చెప్పిన రేటుకు కొత్త స్కూటరు వస్తుంది. బయట పెట్టించుకుంటే వారంటీ పోతుందన్న బెదిరింపు అదనం. తడవాడికి బండి పనంటే మద్రాసే కదా, జి.పి. రోడ్డుకు తీసుకుపోయాడు. ఫిట్టరు ప్లాస్టిక్ పట్టీతో డ్యాష్‌బోర్డు ఫ్రేము లేపాడు. పాత తెర వెనక కప్లర్ పట్టుకుని చూసి పెదవి విరిచాడు. “కప్లర్ కూర్చోదన్నా, వైరు కొయ్యాల్సిందే.” కోశాడు. రంగురంగుల తీగలు మెలేసి నల్ల టేపు చుట్టాడు. జీపీఎస్ యాంటెన్నా అంటే అగ్గిపెట్టెంత నల్ల బిళ్ల. దాన్ని ఇనప పట్టీ వెనక్కి తోసేసి ఫ్రేము నొక్కేశాడు. తెర వెలిగింది, పాట మోగింది, డబ్బు చేతులు మారింది.

ఆ వారమే సూళ్లూరుపేటకు పోతుంటే తెర మీద బాణం గుర్తు హైవే వదిలేసి పులికాట్ నీళ్లలో ఈదడం మొదలెట్టింది. ఈదదా మరి! ఇరవై వేల కిలోమీటర్ల పైనుంచి వచ్చే సంకేతం మన దాకా వచ్చేసరికి నీరసించి ఉంటుంది. ఇనప రేకు అడ్డం పడితే అక్కడికక్కడే ఆగిపోతుంది. యాంటెన్నాకు ఆకాశం కనబడాలి. అద్దానికి లోహపు పూత ఉన్న బండ్లలో అద్దం కింద పెట్టినా కష్టమే. ఇంకో నాలుగు రోజులకు పొద్దున్నే బండి స్టార్టవలేదు. తాళం తిప్పితేనే కరెంటు వచ్చే తీగకు బదులు, ఎప్పుడూ కరెంటుండే తీగకు కలిపినందుకు కొత్త తెర రాత్రంతా బ్యాటరీని పీల్చేసింది.

ఫిట్టరును తిట్టాలని లేదు నాకు. ఏ తీగ దేనికో చెప్పే వైరింగ్ డయాగ్రం అతనికి ఎవరిచ్చారు? కంపెనీ దాచుకుంది. ఎక్కడ ఎయిర్‌బ్యాగు తీగ వెళుతుందో, ఎక్కడ స్టీరింగ్ మీటల తీగ వెళుతుందో తెలియక అతను ఊహ మీద కత్తెర వేస్తున్నాడు. రేపు ఏదైనా జరిగితే నింద అతనిది, ప్రాణం మీది, లాభం మాత్రం డయాగ్రం దాచినవాడిది.

ఈ దాపరికం తప్పని ఢిల్లీలో ఎప్పుడో తేల్చారు. 2014 ఆగస్టులో కాంపిటిషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలు, రిపేరు సమాచారం బయటి మెకానిక్కులకు అందకుండా అడ్డుపడుతున్నారని తప్పుపట్టింది. బయట రిపేరు చేయించుకున్నాడన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేయకూడదు, ఆ పని వల్ల ఏ మేర నష్టం జరిగిందో ఆ మేరకే తీసేయాలి అని చెప్పింది. కంపెనీలు ట్రిబ్యునళ్లకూ కోర్టులకూ పరిగెత్తాయి. 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ ‘రైట్ టు రిపేర్’ కమిటీ వేసింది, పోర్టల్ కూడా తెరిచింది, అందులో కార్లూ ఉన్నాయి. ఇంతా జరిగి, సర్వీస్ సెంటరు కౌంటర్లో ఇప్పటికీ మొదటి మాట ‘వారంటీ పోతుంది సార్’.

ఫోను ఉండగా ఇదంతా ఎందుకనే మేధావులు ఒకసారి మే నెలలో మా వైపు రండి. అద్దం దగ్గర పెట్టిన ఫోను ఎండకు కాలి, చల్లారేదాకా పనిచేయనని మొరాయిస్తుంది. ఉబ్బలమడుగు అడవిలోకి పోతే సిగ్నల్ ఉండదు, ముందే దించుకోకపోతే మ్యాపూ ఉండదు. కారులోనే అమర్చిన నావిగేషన్ చక్రం వేగాన్నీ మలుపునూ లెక్కేసుకుంటూ సొరంగంలోనూ జాడ తప్పదు. ఆ పని ఫోనుకు అంతబాగా చేతకాదు. కాబట్టి కారులో ఉండే నావిగేషన్ మంచిదే. మంచిది కనకే నా కోపం.

మ్యాపుల సంగతి ఇంకో గోల. ఆ కుర్రాడి తెరలో తడ ఇంకా నెల్లూరు జిల్లాలోనే ఉంది. 2022 ఏప్రిల్ 4న మేం తిరుపతి జిల్లాలోకి వచ్చిన సంగతి దానికి ఇప్పటికీ తెలియదు. జిల్లా పేరు తప్పితే నవ్వుకోవచ్చు. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లో బరేలీ దగ్గర ఫోను మ్యాపు చూపిన దారిన పోయి, సగం తెగిన వంతెన మీంచి కారు రామ్‌గంగా నదిలో పడి ముగ్గురు చనిపోయారు. వంతెన తెగిందని మ్యాపుకు చెప్పినవాడు లేడు, రోడ్డుకు సరైన అడ్డం పెట్టినవాడూ లేడు.

ఇక మా కడుపుమంట. తడవాళ్లకు రాకెట్లు కొత్తకాదు. డాబా ఎక్కితే పులికాట్‌కు అవతల శ్రీహరికోటలో నిప్పు లేస్తుంది, చప్పుడు తీరిగ్గా తరవాత వస్తుంది. 2013 జులై 1 రాత్రి అలా లేచిన పీఎస్‌ఎల్‌వీ-సీ22లో ఉన్నది దేశపు మొదటి నావిగేషన్ ఉపగ్రహం. 2016 ఏప్రిల్ 28న ఏడోది ఎగిరింది, ఆ వ్యవస్థకు ‘నావిక్’ అని పేరు పెట్టారు. అది మన నెత్తిమీదే ఉండేలా మన కోసం కట్టుకున్న ఏర్పాటు. ఆ తరవాతే చతికిలపడింది. విదేశాల నుంచి తెచ్చిన అణు గడియారాలు ఒక్కొక్కటే మొరాయించాయి. గడియారం సెకనులో పది లక్షల వంతు తప్పితే దారి 300 మీటర్లు తప్పుతుంది. 2023 మేలో ఎగిరిన ఎన్‌వీఎస్-01లో మన సొంత గడియారం పెట్టారు. 2025 జనవరి 29న శ్రీహరికోట నుంచి నూరో ప్రయోగమని పండగ చేసుకున్న ఎన్‌వీఎస్-02 వాల్వు తెరుచుకోక అనుకున్న కక్ష్యకే చేరలేదు. దారి చూపే పనికి అక్కరకొస్తున్నవి నాలుగేనని అదే ఏడాది ప్రభుత్వమే పార్లమెంటులో ఒప్పుకుంది. ఇస్రో ఇంజనీర్లను నేను తప్పుపట్టను. పాడైనవాటి చోట కొత్తవి పంపడానికి ఏళ్లూపూళ్లూ తీసుకున్న పెద్దలను తప్పుపడతాను.

బస్సులకూ టాక్సీలకూ 2019 జనవరి 1 నుంచి జాడ తెలిపే పరికరం తప్పనిసరి చేశారు. కొత్త టాక్సీ కొనుక్కునే పేదవాడు కిక్కురుమనకుండా పెట్టించుకున్నాడు. అతని మెడకు కట్టగలిగిన ప్రభుత్వానికి కార్ల కంపెనీ ముందు మాత్రం నోరు పెగలదు. తెర ఉన్న ప్రతి కారులో నావిక్ అందుకునే చిప్పు పెట్టమను. బండి బతికినన్నాళ్లు మ్యాపు ఉచితంగా మార్చమను. వైరింగ్ డయాగ్రం బయట పెట్టమను. శ్రీసిటీలో కార్లు తయారవుతాయి, శ్రీపెరుంబుదూరులో తయారవుతాయి, మా పక్కనుంచి ఉపగ్రహాలు లేస్తాయి. ఈ రెంటినీ కలపడానికి ఒక్క జీవో చాలు.

అది వచ్చేదాకా కొనేవాళ్లకు నా మాట ఇది. బయట పెట్టిస్తే బిల్లు లేకుండా పెట్టించొద్దు. మీ బండి కప్లర్‌కు సరిపడే వైరింగ్ కిట్ దొరికేదాకా ఆగండి, తీగ కొయ్యనివ్వొద్దు. యాంటెన్నా ఎక్కడ పెడుతున్నాడో పక్కన నిలబడి చూడండి. కొత్త బండైతే నావిగేషన్ తరవాత పెట్టించుకోవచ్చా, ఎంతకు, మ్యాపు ఎన్నేళ్లు మారుస్తారో షోరూములో కాగితం మీద రాయించుకోండి. రాసివ్వకపోతే అడ్వాన్సు ఇవ్వకండి. వారంటీ పేరుతో బెదిరిస్తే ఆ మాటా రాసివ్వమనండి, రాసిస్తే ఆ కాగితం పట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోను చేయండి. నంబరు 1915.