బెంచీ మీద కూర్చోబెడితే రేటింగ్ పెరుగుతుందా?

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందంటారు. మల్లెలు కొనే ఆడవాళ్లని అడగండి. పొద్దున తెచ్చిన మొగ్గకి వాసన ఎక్కడుంటుంది? సాయంత్రం విచ్చుకున్నాకే కదా ఇల్లంతా గుబాళించేది!

మా అబ్బాయి కంప్యూటర్లో ఆడే బేస్‌బాల్ ఆట చూశాక ఈ సామెత మీద నా అనుమానం బలపడింది. ఆట పేరు అవుట్ ఆఫ్ ది పార్క్. లాల్ దర్వాజాలో కూర్చుని బేస్‌బాల్ ఏమిట్రా అంటే, "బ్యాట్ పట్టక్కర్లేదమ్మా, జట్టు నడపాలి" అన్నాడు. స్నేహితులంతా తలో జట్టు పెట్టుకుని ఆన్‌లైన్‌లో లీగ్ ఆడతారు.

ఇందులో ప్రతి ఆటగాడికీ రెండు రకాల అంకెలుంటాయి. ఒకటి ఇవాళ్టి సత్తా, రెండోది ఎంతవరకు ఎదగగలడన్న అంచనా. 20 నుంచి 80 దాకా కొలత. 50 అంటే పెద్ద లీగులో సగటు ఆటగాడన్నమాట. రెండో అంకె స్కౌట్ చూసి వేసేది, తప్పు కూడా కావచ్చు. వయసు, కోచ్, గాయాలు, కాస్త అదృష్టం కలిసి దాన్ని పైకీ కిందికీ జరుపుతుంటాయి. కుర్రాణ్ణి బెంచీ మీద కూర్చోబెడితే ఎదగడు. మోయలేని స్థాయిలోకి తోసినా దెబ్బతింటాడు. తగిన చోట రోజూ ఆడించాలి, మంచి కోచ్‌ని పెట్టాలి.

మరి మన ఇంటర్ కాలేజీల్లో ఏం జరుగుతోంది? మావాడి కాలేజీలో పరీక్ష పెడతారు, మార్కుల్ని బట్టి సెక్షన్లు విడగొడతారు. మంచి లెక్చరర్లు పై సెక్షన్‌కి, జిరాక్సు నోట్సు కింది సెక్షన్‌కి. ఆర్నెల్లు పోయాక "మీవాడి లెవెల్ ఇంతేనమ్మా" అంటారు. పదహారేళ్లకే ఇంతేనా? చెప్పకుండా కూర్చోబెట్టింది వాళ్లు, లెవెల్ తక్కువైంది పిల్లాడిదీ!

మన సిరాజ్‌నే చూడండి. ఫస్ట్ లాన్సర్ గల్లీల్లో టెన్నిస్ బంతితో ఆడిన ఆటోడ్రైవర్ కొడుకు. పందొమ్మిదేళ్లప్పుడు ఏ స్కౌటైనా అతనికి ఎంత వేసేవాడు? 2015లో రంజీ జట్టులోకి వచ్చాడు. మరుసటి సీజన్లో అప్పటి హైదరాబాద్ కోచ్ భరత్ అరుణ్ నమ్మి బంతి చేతికిచ్చారు. ఆ ఒక్క సీజన్లో 41 వికెట్లు తీశాడు. 2023 జనవరిలో వన్డే బౌలర్ల ఐసీసీ ర్యాంకింగ్స్‌లో మొదటివాడయ్యాడు.

స్థాయిని బట్టి వేరు చేయడం తప్పని నేననను. ఆ ఆటలోనూ చేస్తారు. కానీ కింది జట్టుకీ కోచ్ ఉంటాడు, ఆడే అవకాశమూ ఉంటుంది. మనమూ పేరెంట్స్ మీటింగుకి వెళ్లినప్పుడు "మావాడి ర్యాంకెంత?" అన్నదొక్కటే అడిగి రాకూడదు. "కింది సెక్షన్‌కి పాఠం ఎవరు చెబుతున్నారండీ?" అని కూడా నిలదీసి అడుగుదాం.