చెమ్మ మీద ఆయత్

ఇల్లు అమ్మకానికి పెట్టగానే బ్రోకర్లు మొదట చెప్పే మాట: "దీవాన్‌ఖానా బాగా సజాయించండి భాయ్, ఖరీద్‌దార్ అక్కడే ఫైసలా చేసుకుంటాడు." నిజమే. విరిగిన కుర్చీలు, అడ్డంగా ఉన్న తఖ్త్ తీసేయడం, పర్దాలు ఉతికించడం, కిటికీలు తెరిచి వెలుతురు రానివ్వడం అన్నీ జాయిజే. మెహ్మాన్ వస్తున్నాడంటే ఇల్లు సర్దుకునేవాళ్లమే కదా మనం.

నా ఎతరాజ్ సజావట్ మీద కాదు, ఐబ్ దాచడం మీద. బాత్రూమ్‌ను ఆనుకున్న గోడ వానాకాలంలో చెమ్మెక్కి ఉప్పు పూస్తుంది. దానికి పుట్టీ పెట్టి రంగేస్తాం. ఇంకా మచ్చ కనబడితే ఆయతుల్ కుర్సీ ఫ్రేమ్‌ను సరిగ్గా దాని మీదికి జరుపుతాం. అల్లాహ్ కలామ్‌తో ఐబ్ కప్పుతున్నామన్న ఖయాల్ కూడా రాదు.

సహీహ్ ముస్లింలో ఒక హదీస్ ఉంది. బజారులో ధాన్యం రాశిలో రసూలుల్లాహ్ (స) చేయి పెడితే లోపల తడి తగిలింది. వానకు తడిసిందన్నాడు అమ్మేవాడు. అలాగైతే జనానికి కనబడేలా పైనే ఎందుకు పెట్టలేదని ఆయన అడిగారు. ధోకా చేసేవాడు నావాడు కాదన్నారు. మన గోడ సంగతీ అంతే: పైన పొడి, లోపల తడి.

కొనేవాడు బీవీ జేవర్ అమ్మి, గల్ఫ్‌లో ఏళ్ల తరబడి కూడబెట్టిన కమాయి తెచ్చి మన చేతిలో పెడతాడు. వచ్చే వానకి ఆ గోడ పెచ్చులూడితే అతని నోట మనకు దువా వస్తుందా?

గది సర్దండి, గోడ చూపించండి, మరమ్మతు ఖర్చు ధరలో తగ్గించండి. ఐబ్ చెప్పి చేసిన సౌదాలోనే బరకత్.