కాదనే హక్కు లేని చోట బేరం లేదు

బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో తెల్లవారుజామున సరుకు కొని, పొద్దెక్కేసరికి కొట్టు తెరిచే చిల్లర వ్యాపారుల్లో నేనొకదాన్ని. పాత బోయిన్‌పల్లిలో నాకు చిన్న దుకాణం ఉంది. వ్యాపారమంటేనే మోసమనీ, లాభమంటే ఎవరి నోటికాడి కూడో లాక్కోవడమనీ చదువుకున్నవాళ్లు తేలిగ్గా అనేస్తుంటే నాకు కష్టంగా ఉంటుంది. సరుకు అడగకుండా తీసుకుపోయిన కాలం ఎలా ఉండేదో మా నానమ్మ నోట విన్నాను.

మాది తూప్రాన్ దగ్గర పల్లె. నానమ్మ చిన్నతనంలో పెరట్లో కాసిన తొలి సొరకాయ దొర కోటకు, అంటే గడికి, పోవాల్సిందే. దొర ఇంట్లో పెళ్లయినా, ఊరికి అధికారి దిగినా కోడి, నెయ్యి, పాలు, కూరగాయలు ఇంటింటికీ వంతులేసి పట్టుకుపోయేవాళ్లు. "పైసలు ఇయ్యకపోతే పాయె బిడ్డా, ఇస్తవా అని ఒక్క మాట అడగలే" అనేది. అడగడమంటే ఎదుటి మనిషి కాదనవచ్చని ఒప్పుకోవడం. నా దృష్టిలో వర్తక నీతి అక్కడే మొదలవుతుంది.

హైదరాబాద్ సంస్థానంలో ఈ బాధ రైతులకూ చేతివృత్తులవాళ్లకూ మాత్రమే పరిమితం కాలేదు. పల్లెలో ఉప్పూ పప్పూ అమ్ముకునే కోమటి కూడా, పర్యటనకు వచ్చిన అధికారి చెప్పిన ధరకు, ఒక్కోసారి ఊరికే, సరుకు కట్టి ఇవ్వాల్సి వచ్చేది. 1921లో నగరంలో పుట్టిన ఆంధ్ర జన సంఘం మాడపాటి హనుమంతరావు గారి పూనికతో వెట్టిచాకిరి మీద చిన్న పుస్తకం వేసింది, వర్తక స్వాతంత్ర్యం మీద ఇంకొకటి వేసింది. వెట్టి చేసే మనిషి మీదా, దుకాణదారు మీదా పడుతున్న బలవంతం ఒకటేనని ఆ పెద్దలకు తెలుసు. వెట్టి సంగతి మనకు గుర్తుంది. వర్తక స్వాతంత్ర్యం కోసం కూడా ఆ సంఘం పోరాడిందన్న సంగతి మరిచిపోయాం.

ఇప్పుడు మార్కెట్‌కు రండి. ఆ మధ్య ఒక ఆడ్తి (కమీషన్ ఏజెంటు) దుకాణం ముందు బెండకాయ సంచులు వరసగా దించారు. గుమాస్తా ఒక సంచి మూతి విప్పి, కాయ తీసి కొస విరిచి చూపించాడు. టప్పున విరిగింది, లేత సరుకు. నేనో ధర చెప్పాను, పక్కనున్న అల్వాల్ వ్యాపారి ఇంకో ధర చెప్పాడు. సరుకు తెచ్చిన రైతు ఒక నడివయసు ఆడమనిషి. కొంగు నడుముకు చెక్కుకుని, "ఆ ధరకు ఇయ్యనన్నా, అవతల దుకాణంల అడుగుత" అని హమాలీని పిలిచింది. గుమాస్తా ముఖం ముడుచుకున్నాడు గానీ అడ్డు రాలేదు. నాలుగు దుకాణాల అవతల కిలోకు మూడు రూపాయలు ఎక్కువ పలికింది. కొన్నది నేనే. కాయ బాగుంది, నా గిరాకీలు ఆ ధర ఇస్తారని నాకు తెలుసు.

ఆ గుమాస్తా మంచివాడా కాదా అన్న ప్రశ్నే అక్కడ రాలేదు. పక్కన ఇంకో దుకాణం ఉంది, అది చాలు. పోటీని నేను గౌరవించేది ఇందుకే. ఎదుటివాడి దయ మీద ఆధారపడకుండా బలం లేనివాళ్లు తలెత్తుకుని నిలబడే చోటు అది ఇస్తుంది. గడి ముందు మా నానమ్మకు ఇంకో గడి లేదు.

అయితే మార్కెట్ గేటు లోపల జరిగేదంతా స్వేచ్ఛగా జరిగే బేరమని నేననను. విత్తనాలకూ మందులకూ ఆడ్తి దగ్గర అప్పు తెచ్చుకున్న రైతు పంట ఆ దుకాణానికే తేవాలి, అక్కడ పలికిన ధరకే తలూపాలి. మా నాన్న వంకాయ వేసే రోజుల్లో ఒక మార్కెట్‌లో (ఇది కాదు) కమీషన్ నాలుగు శాతమని బోర్డు ఉన్నా, ఆయన దగ్గర అంతకు రెట్టింపు కోసుకునేవాళ్లు. తరుగు పేరుతో బస్తాకు ఇంత అని మళ్లీ తీసేవాళ్లు. తక్‌పట్టీ, అంటే అమ్మకం రసీదు, అడిగితే తెల్ల చిట్టీ మీద నాలుగు అంకెలు గీకి చేతిలో పెట్టేవాళ్లు. అప్పు ఉంది కాబట్టి నాన్న నోరు మెదపలేదు. ఇది చూపించి, చూశారా పెట్టుబడిదారీ విధానం అంటే ఇదే అంటారు. నేను ఒప్పుకోను. నాన్నకు ఆ రోజు ఇంకో దుకాణానికి పోయే దారి లేదు. ఆ దారి మూసేసిన అప్పుకూ గడికీ దగ్గరి చుట్టరికం ఉంది, వ్యాపారంతో లేదు.

వ్యాపారులు కూడా వీలు దొరికితే పోటీని చంపాలనే చూస్తారు. 1776లో ఆడమ్ స్మిత్ ఈ సంగతి మొహమాటం లేకుండా రాశాడు: ఒకే వ్యాపారం చేసేవాళ్లు ఒకచోట చేరితే ధర పెంచే ఆలోచనే చేస్తారని. అందుకే నియమాలు కావాలి. బహిరంగంగా వేలంపాట, అందరి ముందు కాటా, తూకం వేసేందుకు లైసెన్సున్న దడువాయి, ఇవన్నీ రైతు మోసపోకుండా పెట్టినవే. 1930లో నిజాం ప్రభుత్వం తెచ్చిన మార్కెట్ల చట్టానికీ, తర్వాత వచ్చిన 1966 చట్టానికీ ఉద్దేశం అదే. కానీ అదే లైసెన్సు కొత్తవాడిని రానివ్వని తలుపుగా మారితే, రైతును కాపాడాల్సిన చట్టం ఆడ్తినే కాపాడుతుంది.

కూరగాయకు ఇంకో చిక్కు ఉంది. వడ్లు నచ్చిన ధర వచ్చేదాకా ఆగుతాయి, టమాటా ఆగదు. ఎండ ముదిరేకొద్దీ రైతు గొంతులో బింకం తగ్గిపోవడం నేను రోజూ వింటాను. బోయిన్‌పల్లి యార్డులో వృథా కూరగాయలతో కరెంటు తీసే బయోగ్యాస్ ప్లాంటు ఉంది. మన హైదరాబాద్‌లోని ఐఐసీటీ పరిశోధన సంస్థ సాంకేతికతతో కట్టారు, 2021 జనవరిలో ప్రధాని రేడియో ప్రసంగంలో ప్రస్తావించారు కూడా. గర్వించదగ్గదే. అమ్ముడుపోని సరుకు అందులో పడే ముందు ఒక రాత్రి చల్లగా దాచుకునే వీలుంటే ఇంకా గర్వించేదాన్ని. మర్నాటి దాకా ఆగగలిగిన రైతే ఇవాళ కాదనగలడు.

1999 జనవరి 26న మొదలైన రైతు బజార్లు రైతుకు ఇంకో చోట అమ్ముకునే దారి ఒకటి తెరిచాయి. ఎర్రగడ్డలో నేరుగా అమ్ముకునే రైతు నాకూ పోటీయే. ఇప్పుడు ఫోన్ యాప్‌లు వచ్చాయి. మా వీధిలో అపార్ట్‌మెంట్ల గిరాకీ చాలావరకు వాటికి పోయింది, నాకు నష్టమే. వాటిని ఆపమని మాత్రం నేను అడగను. నా దగ్గరే కొనాలని ఎవరినీ బలవంతపెట్టే హక్కు నాకు లేదు. కాకపోతే పోటీదారులంతా మూతపడేదాకా నష్టానికి అమ్మి, ఆ తర్వాత ధర పెంచుకోవాలనుకునేవాళ్లను కనిపెట్టి చూడాల్సిన బాధ్యత ప్రభుత్వానికి ఉంది.

ఇదంతా డబ్బున్నవాళ్ల వాదన అనేవాళ్లకు ఆచార్య రంగా గారిని గుర్తు చేస్తాను. నిడుబ్రోలు రైతుబిడ్డ, జీవితమంతా రైతుల కోసం తిరిగిన మనిషి. 1959లో కాంగ్రెస్ నాగపూర్ సభ ఉమ్మడి సహకార వ్యవసాయానికి తీర్మానం చేస్తే దాన్ని కాదని బయటికి వచ్చి, స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షుడయ్యాడు. తన భూమి, తన పంట, తన బేరం రైతు చేతిలోనే ఉండాలన్నది ఆయన పట్టుదల.

ప్రభుత్వాన్ని నేను అడిగేది ఎక్కువేమీ కాదు. అర్హత ఉన్న ప్రతివాళ్లకూ ఆడ్తి లైసెన్సు ఇవ్వండి. అమ్మిన ప్రతి రైతుకూ అచ్చు వేసిన తక్‌పట్టీ అందేలా చూడండి. ఆడ్తి గడప తొక్కకుండా బ్యాంకు అప్పు దొరికేలా చేయండి. యార్డులో అద్దెకు చల్లని గది పెట్టండి.

పాఠకులకూ ఒక మాట. యూనిఫాం వేసుకునో, జీపు దిగో తోపుడు బండి దగ్గర సంచి నింపుకుని పైసా ఇవ్వకుండా పోయేవాళ్లు ఇవాళ్టికీ ఉన్నారు. కొసరు అడగడం వేరు, అది మన అలవాటు, అమ్మేవాళ్లు నవ్వుతూ వేస్తారు. ఇలా ఊరికే తీసుకుపోవడం మాత్రం వెట్టి. వీధి వ్యాపారుల రక్షణకు 2014లో చట్టం వచ్చింది గానీ బండి దగ్గర నిలబడ్డ ఒంటరి మనిషి ఆ చట్టం పేరు చెప్పలేడు. మీ కళ్ల ముందు జరిగితే మీరు చెప్పండి, డబ్బిచ్చి తీసుకొమ్మని.